చీర మీద పోంచో వేసుకుని పండరిపురం దాకా: నా అనుభవం

పండరిపురం విఠోబా దర్శనానికి కాలినడకన పోయే యాత్రని వారీ అంటారు. వారీకి పోతున్నానని చెప్పగానే మా ధర్మాబాద్‌లో అందరూ కాళ్ల గురించే చెప్పారు. ఏ చెప్పులు వేసుకోవాలి, బొబ్బలకి ఏం రాయాలి, మోకాళ్లకి ఏ నూనె మంచిది, ఇవే. వాన సంగతేంటి అని అడిగితే మాత్రం "దారిపొడుగునా ప్లాస్టిక్ కాగితాలు అమ్ముతారు, ఒకటి కొనుక్కో" అని తేల్చేశారు. ఆళందీ నుంచి పండరిపురం దాదాపు 250 కిలోమీటర్లు, సంత్ జ్ఞానేశ్వర్ మహారాజ్ పాదుకలు ఉన్న పాల్ఖీ (పల్లకీ) వెంట నడిచేది కరెక్టుగా వానలు మొదలయ్యే రోజుల్లో. తడిసిన చీరతో అంత దూరం నడవడం అంటే నాకు కాళ్లనొప్పుల కంటే ఎక్కువ టెన్షన్. 2025లో పోయొచ్చాను, ఏం కొన్నానో, ఏది పనికొచ్చిందో, ఎక్కడ చిరాకు పుట్టించిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నా.

నేను బ్లౌజులు, డ్రెస్సులు కుట్టే మనిషిని. గుడ్డ చేత్తో నలిపి చూడకుండా ఏదీ కొనను. అందుకని పోంచో, అంటే తల మీద నుంచి కప్పుకునే వాన గుడ్డ, కోసం ఏప్రిల్‌లోనే వెతకడం మొదలుపెట్టాను.

మా అత్త (ఆమె కూడా నాతో వచ్చింది, ఆమెకి వారీ కొత్త కాదు) పోంచో మాట వినగానే నవ్వింది. "మీ మామ గొంగడి ఉంది కదనే, తల మీద కొప్పెర పెట్టుకుంటే ఏ వానైనా పక్కకి జారిపోతది" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి అది, సన్న వానకి నీళ్లు పైన చుక్కలుగా నిలబడి దులిపితే రాలిపోతాయి. తడిసినా ఒంటికి వెచ్చగానే ఉంటుంది. కానీ కిరాణా కొట్టులో తూకం వేయిస్తే పొడిగా ఉన్నప్పుడే రెండు కిలోలు దాటింది. అది నానితే ఎంతవుతుందో, ఎన్ని పూటలకి ఆరుతుందో ఆలోచించుకుని నేను వద్దన్నాను. అత్త మాత్రం వినకుండా తెచ్చుకుంది, దాని సంగతి తర్వాత చెప్తా.

గొడుగు ఎందుకు కాదంటే, దిండీలో (పాల్ఖీ వెంట కలిసి నడిచే జట్టులో) వరసగా, దగ్గరదగ్గరగా నడుస్తారు. పక్కవాళ్ల కళ్లలో ఊచ గుచ్చుకుంటుంది, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది, చేతిలో భజన తాళాలుంటే ఇక కుదరనే కుదరదు. రెయిన్‌కోటు, ప్యాంటు జత చీర కట్టుకున్నవాళ్లకి కాదు, వీపు మీద బ్యాగు ఉంటే అసలే పట్టదు. పోంచో అంటే మధ్యలో తల పట్టే రంధ్రం, దానికో టోపీ, రెండు పక్కలా టిచ్ బటన్లు ఉన్న పెద్ద గుడ్డ, అంతే. బ్యాగుతో సహా మీద కప్పుకుంటాం, కింద చీరున్నా డ్రెస్సున్నా దానికి పట్టింపు లేదు.

మా చిన్నోడి చేత ఏప్రిల్ 28న ఆన్‌లైన్‌లో మొదటిది ఆర్డర్ పెట్టించాను. రూ. 650. మే 4న వచ్చింది. కవరు విప్పగానే ఇల్లంతా కొత్త టేబుల్ క్లాత్ వాసన. పీవీసీ రకం. నీళ్లు ఒక్క చుక్క పోనివ్వదు, నిజమే, కానీ బరువు, మడత పెడితే మడత దగ్గర బిగుసుకుపోయి తెల్లటి గీత పడుతోంది. నేను చూసినంతలో ఈ రకానికి గీత పడిన చోటే ముందు పగులుతుంది. వేసుకుని ఇంట్లో పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వీపంతా చెమట. వాపసు పంపేశాం. వచ్చి తీసుకెళ్లింది మే 7న, డబ్బులు పడింది మే 15న. ఆ మధ్య రోజుల్లో మా ఇంటాయన రోజుకోసారి "పడ్డాయా" అని అడగడం, నేను ఫోన్ చూడడం.

రెండోది మే 16న పెట్టాం. పాలిస్టర్ గుడ్డ, లోపలివైపు పాలీయురేథేన్ పూత. రూ. 1,390. మే 22న చేతికొచ్చింది. అదే కిరాణా త్రాసు మీద 360 గ్రాములు, మడిచి సంచీలో పెడితే లీటరు నీళ్ల సీసా అంత. ఇంకా తేలికైనవి ఉన్నాయి, సిలికాన్ పూసిన నైలాన్‌వి, రేటు చూసి ఆ పేజీ మూసేశాను. రంగు చిలకపచ్చ తీసుకున్నాను. ఎందుకంటే అత్తకి చూపు కొంచెం తక్కువ, అంత జనంలో నన్ను వెతుక్కోవాలి. కాషాయం తీసుకుని ఉంటే వారీలో నేనెక్కడున్నానో దేవుడికే తెలియాలి.

అట్ట మీద 3,000 మిల్లీమీటర్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది. గుడ్డ మీద మూడు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినంత ఒత్తిడి దాకా కారదు అని దానర్థం. మామూలు వానకి అందులో సగమున్నా సరిపోతుంది. భుజం మీద బ్యాగు పట్టీ అదిమే చోట, కూర్చున్నప్పుడు కింద నొక్కుకునే చోట మాత్రం ఎక్కువ కావాలి. కానీ కుట్టుపని తెలిసిన మనిషిగా చెప్తున్నా, ఆ అంకె గుడ్డకి మాత్రమే. సూది గుడ్డకి ఎక్కడెక్కడ రంధ్రం పెట్టిందో అక్కడంతా నీళ్లకి దారి. అందుకే కొనేటప్పుడు నేను ముందు లోపలి వైపు తిప్పి, కుట్ల మీద టేప్ అతికించారా లేదా చూశాను. నాకొచ్చిన దానికి భుజాల దగ్గర టేప్ ఉంది, టోపీని మెడకి కలిపే కుట్టు మీద లేదు. నీళ్లు ఎక్కువగా పడేది అక్కడే కదా!

డాబా మీద చిన్నోడికి తొడిగి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టాం. వాడు ఎగిరి గంతులేశాడు, వాడికదో ఆట. విప్పి చూస్తే చొక్కా కాలర్ దగ్గర అరచేయంత తడి. అనుకున్నట్టే టోపీ కుట్టు. మళ్లీ ఆర్డర్, ఈసారి ఇస్త్రీతో అతికే సీమ్ టేప్, రూ. 210, రావడానికి ఆరు రోజులు. ఇస్త్రీపెట్టె వేడి బాగా తగ్గించి, మీద పల్చటి నూలు గుడ్డ వేసి, కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవాలి. ముందు పోంచో మీద కాకుండా దాంతోపాటు వచ్చిన చిన్న సంచీ మీద వేసి చూశాను, అది కూడా అదే గుడ్డ కాబట్టి మాడితే అదే మాడుతుంది. ఇస్త్రీ వద్దనుకునేవాళ్లకి ట్యూబులో జిగురు దొరుకుతుంది, కాకపోతే పాలీయురేథేన్ పూత ఉన్న గుడ్డకి ఆ రకం జిగురే, సిలికాన్ పూత గుడ్డకి సిలికాన్ జిగురే, మార్చి రాస్తే అతకదు.

ఇంకో సంగతి పొడవు. అద్దం ముందు ఉత్తగా వేసుకుంటే మోకాళ్ల కిందికి చక్కగా వచ్చింది. బ్యాగు వేసుకుని దాని మీద తొడిగితే వెనకవైపు జానెడు పైకి లేచిపోయింది. నా దానికి వెనక ఒక మడత అదనంగా ఇచ్చి టిచ్ బటన్లతో కట్టేసి పెట్టారు, విప్పితే బ్యాగుకి సరిపోయింది. ఆ మడత లేకపోతే అది కూడా వాపసే. ఎవరైనా కొంటే బ్యాగు నింపి, వీపుకి తగిలించుకుని, అప్పుడు పొడవు చూసుకోండి. మరీ చీలమండల దాకా ఉన్నా ఇబ్బందే, మెట్టెక్కేటప్పుడు కాలికింద పడుతుంది.

ఆ ఏడాది నైరుతి తొందరపడింది, మే 26కే ముంబైకి వచ్చేసింది. మాకు జూన్ 8న ఒక మంచి వాన దొరికింది. నేనూ, మాతో వారీకి వచ్చే మా వదినా బ్యాగులేసుకుని బాసర రోడ్డు పట్టుకుని నడిచాం. జనం ఆగి చూశారు. ఆ నడకలోనే నాకు అర్థమైంది, పై నుంచి వచ్చే నీళ్లకంటే లోపలి చెమట ఎక్కువ తడుపుతోందని. పక్క బటన్లన్నీ పెట్టేసుకుంటే గంటలో బ్లౌజు పిండొచ్చు. చంక కింద ఒకటి, నడుం దగ్గర ఒకటి పెట్టుకుని మిగతావి వదిలేస్తే గాలి ఆడి హాయిగా ఉంది, పక్కలనుంచి కొద్దిగా జల్లు కొట్టినా నష్టం లేదు. ఇంటికొచ్చి నడకకని రెండు బ్లౌజులు పాలిస్టర్ గుడ్డతో కుట్టుకున్నాను, నూలువి తడిస్తే రాత్రంతా ఆరవు. లోపల లంగా బదులు లెగ్గింగ్, చీర మామూలు కంటే నాలుగు వేళ్లు పైకి. మా అత్తకి ఈ బాధలేం లేవు, ఆమె గోచీ పోసి కడుతుంది, కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకోవు.

దిండీకి మనిషికి రూ. 3,000 కట్టాం, రెండు పూటల భోజనం, రాత్రి డేరా, సామాను ట్రక్కు అందులోనే. పెద్ద సంచులు ట్రక్కులో పోతాయి, వీపు మీద నీళ్లు, మందులు, ఒక జత బట్టలు, తినడానికేమైనా ఉంటే చాలు. పోంచో మాత్రం పొరపాటున కూడా ట్రక్కులో వేయకండి, ట్రక్కు సాయంత్రందాకా కనిపించదు. బ్యాగు లోపల అడుగున కూడా కాదు, బయటి జేబులో.

ధర్మాబాద్ నుంచి నాందేడ్, అక్కణ్ణుంచి రైల్లో పుణె, జూన్ 18 సాయంత్రానికి ఆళందీ. ఇంద్రాయణి నిండుగా పారుతోంది, అడుగు తీసి అడుగు వేయలేని జనం. 19న ప్రస్థానం, అంటే పాల్ఖీ బయలుదేరే రోజు. మధ్యాహ్నం నుంచి ఎదురుచూపే, గుడిలోంచి పాల్ఖీ బయటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది, ఆ రాత్రి పాల్ఖీ ఆళందీలోనే ఉంటుంది. ఆ నిలబడ్డ గంటల్లో వాన పడుతూ ఆగుతూ. నడిచేటప్పుడు కాదు, కదలకుండా నిలబడ్డప్పుడే పోంచో విలువ తెలిసింది. చెమట లేదు, మోకాళ్లదాకా పొడి, బ్యాగుతో సహా. పక్కన ఒక లాతూర్ ఆమె చంటిపిల్లని ఎత్తుకుని ఉంటే నా బటన్లు విప్పి పిల్లని సగం లోపలికి లాక్కున్నాం. పిల్ల నా టోపీ నాడా పట్టుకుని వదల్లేదు.

20న పుణెకి నడక. తెల్లారకముందే బయలుదేరాం, సన్నగా వాన. ఇక్కడ మూడు నాలుగు చిరాకులు బయటపడ్డాయి. టోపీ పెద్దది, తల తిప్పితే టోపీ తిరగదు, పక్క నుంచి వచ్చేది కనిపించదు. లోపల మా ఇంటాయన క్రికెట్ టోపీ పెట్టుకుంటే ముందుకి వచ్చిన అంచు ఈ టోపీని ఎత్తి పట్టుకుంది, కళ్లలోకి నీళ్లు కూడా రాలేదు. ఇంకోటి శబ్దం. టోపీ మీద వాన పడే చప్పుడుకి ముందు వరసలో పాడే అభంగ్ (విఠోబా పాట) వినపడడం లేదు. వారీకి వచ్చి అభంగ్ వినకపోతే ఇంకెందుకు? జల్లు తగ్గినప్పుడల్లా టోపీ తీసేసి తల తడవనిచ్చాను. మూడోది నా పోంచో అంచు మీద నుంచి కారే నీళ్లన్నీ పక్కామె కాళ్ల మీద. ఆమె ఏమీ అనలేదు, "మావులీ, జరా తిక్డే" (అమ్మా, కొంచెం అటు) అని నవ్వుతూ జరిగింది, అక్కడ చిన్నా పెద్దా అందరూ మావులీలే. ఆ తర్వాత నేను వరస చివర నడవడం మొదలుపెట్టాను.

నాలుగోది ఎవరూ చెప్పనిది. పోంచో మీద నుంచి జారిన నీళ్లు కరెక్టుగా పిక్కల మీదికి, అక్కణ్ణుంచి చెప్పుల్లోకి. బూట్లు వేసుకున్నవాళ్లవి గంటలో నిండిపోయాయి, నాందేడ్ నుంచి వచ్చిన ఒకన్నయ్య మధ్యాహ్నానికే రెండు మడమలకీ బొబ్బలతో కూర్చున్నాడు. నావి పట్టీల చెప్పులు, నీళ్లు వస్తాయి, పోతాయి. పొద్దున కొబ్బరినూనె వేళ్ల మధ్య బాగా పట్టించి బయలుదేరేదాన్ని.

21న పుణెలో ఆగుడు. అక్కడ దాతలు చాలాచోట్ల ఉచితంగా పల్చటి రెయిన్‌కోట్లు పంచారు. మంచి మనసే, కాదనను. కానీ అవి ఒకటి రెండు రోజుల సరుకు, చంక దగ్గర చిరిగితే ఇక అంతే. మర్నాడు ఘాట్‌లో (కొండ దారిలో) రోడ్డు పక్కన వాటి ముక్కలు చూస్తే ప్రాణం ఉసూరుమంది. దారిలో అమ్మే ప్లాస్టిక్ కాగితం అంతకంటే నయం. చాలామంది పాత వార్కరీలు (వారీ నడిచేవాళ్లు) అదే నెత్తి మీద నుంచి కప్పుకుని, రెండు కొసలు మెడ దగ్గర ముడేసుకుని దర్జాగా నడుస్తారు, రాత్రి దాన్నే పరుచుకుని పడుకుంటారు. నలభై, యాభై రూపాయల్లో అయిపోతుంది. చీర పెద్దగా తడిసినా పర్లేదు, వీపు మీద బ్యాగు లేదు అనుకునేవాళ్లు నా అంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

22న దివే ఘాట్. పుణె నుంచి సాస్వడ్, ఈ దారిలో అన్నిటికంటే పొడవైన నడక అదే, పైగా ఎక్కుడు. అందరూ భయపెట్టిన రోజు. హడప్సర్ దాటేదాకా బాగానే ఉంది. ఘాట్ మొదలయ్యాక వాన సన్నబడింది, గాలి పెరిగింది. వెనకనుంచి ఒక్క తోపు వచ్చి పోంచో వెనకభాగం ఎత్తి నా తల మీదుగా ముందుకి వేసింది. ముందు నడిచే ఆమె నెత్తిన తులసి బృందావనం (తులసి మొక్క ఉన్న చిన్న కోట), అది పడితే ఏంకాను అని గుండె ఆగినంత పనైంది. పక్కకి తప్పుకుని, సంచీలోంచి పాత లంగా నాడా తీసి నడుం చుట్టూ, పోంచో పై నుంచి, బ్యాగు కింద నుంచి కట్టుకున్నాను. అంతే, మళ్లీ కదల్లేదు. ఈ నాడా ఎవరికైనా చెప్పాల్సిన మొదటి విషయం. బెల్టు, క్లిప్పులు ఏవీ అక్కర్లేదు. పిన్నీసు మాత్రం పెట్టకండి, గుచ్చిన చోటల్లా రంధ్రమే. ముందు రెండు అంచులు కలపాలంటే బట్టల క్లిప్పు చాలు.

సగం ఘాట్ ఎక్కాక అసలు తీసేశాను. ఎక్కేటప్పుడు ఒంట్లోంచి అంత వేడి వస్తుంటే ఆ సన్న జల్లుకి పోంచో దండగ, లోపల తడవడం కంటే బయట తడవడమే సుఖం. పైకి చేరి చెట్టు కింద కూర్చోగానే చలి గాలి కొట్టింది, అప్పుడు టక్కున వేసుకున్నాను. ఆ తర్వాత దారంతా ఇదే చేశాను, నడకలో వద్దు, ఆగగానే కావాలి. అందుకే త్వరగా తీసి, త్వరగా వేసుకునేది ఏదో అదే మంచి పోంచో, జిప్పులూ గిప్పులూ ఎన్ని తక్కువుంటే అంత మేలు.

తులసి బృందావనం మోసే ఆడవాళ్లకి ఏ టోపీ పనికిరాదు, తలమీద చుట్టకుదురు, దాని మీద బృందావనం. వాళ్లు భుజాల మీదికి మాత్రమే కప్పుకుని టోపీ వెనక్కి మడిచేస్తారు, మెడలోకి నీళ్లు పోకుండా తువ్వాలు చుట్టుకుంటారు. మా వదిన ఒక పూట మోసింది, నా పోంచో ఇచ్చాను, మెడ దగ్గర టిచ్ బటన్ ఉండబట్టి సరిపోయింది. తలలోంచి దూర్చుకునే రకమైతే మోతతో ఉన్నప్పుడు వేసుకోవడమూ కష్టమే, తీయడమూ కష్టమే.

అత్త గొంగడి సంగతి. ఆ రోజు రాత్రి సాస్వడ్‌లో డేరాలోకి వచ్చేసరికి అది నాని ఇద్దరం పట్టుకుని పిండాల్సి వచ్చింది. ఆమె మొహం చూసి నేనేం మాట్లాడలేదు. 23న అక్కడే ఆగుడు కాబట్టి రోజంతా ట్రక్కు మీద పరిచాం, సాయంత్రానికి సగం ఆరింది. 24 నుంచి గొంగడి ట్రక్కులో, అత్త ఒంటి మీద నలభై రూపాయల కాగితం. కానీ రాత్రిళ్లు కథ వేరు. డేరాలో కింద నేల చెమ్మ, కింద నా పోంచో పూత ఉన్న వైపు నేలకి తగలకుండా పరిచి, మీద ఆ గొంగడి ఇద్దరం కప్పుకుంటే అంత చలిలో ఇంట్లో పడుకున్నట్టు నిద్ర. "నా గొంగడి లేకుంటే నీ పచ్చ గుడ్డ నిన్ను కాపాడునా" అని అత్త రోజూ ఒకసారి అనేది, నేను ఊఁ కొట్టేదాన్ని.

24న జేజురీ. ఖండోబా ఊరు, అక్కడ పసుపు చల్లుతారు, భండారా అంటారు. గాలంతా పసుపు. నాది తడి పోంచో. ఒక్క క్షణంలో చిలకపచ్చ మీద పసుపు అంటుకుని, నీళ్లతో కలిసి అంచులదాకా చారలు. అత్త నా వైపు చూసి, "ఇప్పుడు ఎంత దూరమున్నా కనిపిస్తవు" అంది.

26న నీరా నది స్నానం, పాదుకలకి అక్కడ స్నానం చేయిస్తారు. ఆడవాళ్లకి పోంచో ఎంత ఉపకారమో అక్కడ తెలిసింది. బట్టలు మార్చుకునే చోటుకి పెద్ద వరస. నేను పోంచో వేసుకుని, బటన్లన్నీ పెట్టి, లోపల్లోపలే తడి చీర విప్పి పొడి చీర చుట్టుకున్నాను. తర్వాత మా వదిన, తర్వాత ఇంకెవరెవరో, పోంచో ఒక గంట నా దగ్గరికి రాలేదు. దారిలో మొబైల్ టాయ్‌లెట్లు పెడతారు, అయినా తెల్లవారుజామున ఆ లైన్లు చూస్తే ఒక్కోసారి పొలంగట్టే దిక్కు. అప్పుడు కూడా ఇదే పరదా. మగవాళ్లు రాసే సలహాల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

లోణంద్ దాటాక వాన దాదాపు పోయింది. పడమటి కొండలు వానని ఆపేస్తాయి, ఫల్టణ్, మాళ్శిరస్ వైపు నేల ఎండు నేల. 27న చాందోబాచా లింబ్ దగ్గర గుర్రం పరిగెత్తే రింగణ్ చూశాం, మబ్బే తప్ప చినుకు లేదు. 29న బరడ్ దగ్గర ఎండ మాడ్చేసింది. పోంచో నాలుగు మూలలా రింగులున్నాయి, వాటికి తాడు కట్టి ఒకవైపు ట్రక్కుకి, ఇంకోవైపు రెండు జెండా కర్రలకి బిగిస్తే నలుగురికి నీడ. నేను కొనేటప్పుడు ఆ రింగులు చూసి ఇవెందుకు అనుకున్నాను. ఎండలో ఒంటి మీద మాత్రం వేసుకోలేం, పూత వేడెక్కిపోతుంది.

ఈ పొడి రోజుల్లో నేను పట్టింపుగా చేసింది ఒక్కటే, మధ్యాహ్నం ఆగిన ప్రతిచోటా పోంచో తీసి నీడలో ఆరేయడం. తడిగా చుట్టి సంచీలో రోజులు ఉంచితే లోపలి పూత జిగటై, పొరలుగా లేచిపోతుంది, వాసన కూడా పోదు. మా దిండీలో ఒకతనిది పోయినేడాది కొన్నది అలాగే అయింది, చేతికి తెల్లగా పొడి అంటుతోంది.

జూలై 5 సాయంత్రం పండరిపురం. 6న ఏకాదశి, మన తొలి ఏకాదశే. చంద్రభాగలో స్నానం చేసి, నామ్‌దేవ్ మెట్టుకి మొక్కి, చాలామంది శిఖరం చూసి దండం పెట్టుకుని తిరుగుముఖం పట్టారు. అత్త లోపలికి పోవాల్సిందే అంది. 6 రాత్రి తొమ్మిదికి లైన్లో చేరాం, విఠోబా పాదాల మీద తల పెట్టింది 7న మధ్యాహ్నం రెండు దాటాక. రాత్రి ఒంటిగంటప్పుడు జల్లు పడింది. లైను కదలదు, బయటికి పోలేం. నా పోంచో రెండు పక్కలా బటన్లు పూర్తిగా విప్పి, అత్త తలా నా తలా దాని కింద పెట్టుకుని బ్యాగుల మీద కూర్చున్నాం. కాళ్లు తడిశాయి, కునుకు పట్టింది. పాదాల దగ్గర నిలబడింది ఎంతసేపో చెప్పలేను, ఎవరో భుజం పట్టి ముందుకి జరిపారు, అత్త ఏడుస్తోంది, నేను ఏం కోరుకోవాలనుకున్నానో ఏదీ గుర్తు రాలేదు. బయటికొచ్చాక కూడా చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

తిరుగు బస్సు కోసం నాలుగు గంటలు, నాందేడ్ చేరేసరికి తెల్లారింది.

ఖర్చు లెక్క అడిగేవాళ్లకి: పోంచో, టేప్ కలిపి రూ. 1,600, వాపసు పంపిన దానికి పోయిందేం లేదు, ఆగిన రోజులే నష్టం. ఏప్రిల్‌లో మొదలుపెట్టాను కాబట్టి సరిపోయింది, జూన్‌లో ఆర్డర్ పెడితే వాపసులకి టైమ్ ఉండదు.

ఇంటికొచ్చి వట్టి నీళ్లతో, చేత్తో కడిగాను. వాషింగ్ మెషీన్, బట్టల సోడా, బ్రష్ ఏవీ వద్దు. మట్టి పోయింది, జేజురీ పసుపు పోలేదు. పసుపు మరక ఎండలో పెడితే తేలిపోతుందని ఆడవాళ్లందరికీ తెలుసు, కానీ పూతకి ఎండ పడదు. మరకే ఉండనీ అని నీడలోనే ఆరేశాను. టోపీ దగ్గర నేనేసిన టేప్ ఒక కొసన లేచింది, మళ్లీ ఇస్త్రీ పెట్టాను.

వచ్చే ఏడాదికి మా వదిన ఇప్పుడే ఒకటి తెప్పించుకుంది. నలుపు. నేను చెప్పినా వినలేదు. మా గల్లీలో ఇంకో ఇద్దరు కుట్ల మీద టేప్ వేసిమ్మని వాళ్లవి తెచ్చి మిషన్ పక్కన పెట్టి పోయారు. టేప్ వాళ్లే తెచ్చుకోవాలి, ఇస్త్రీకి ఒక్కో దానికి వంద తీసుకుంటున్నా.